గ్లాసులో ఒరిగిన నూనె

రమ్మని తంతి కొట్టిన మనిషి, అళగిరి వచ్చి చేరేసరికి చాపమీద పడుకొని ఉన్నాడు. ముఖం మీదికి దుప్పటి లాగి కప్పినారు. దుప్పటి పొట్టిది. పాదాలు బయటపడి ఉన్నాయి. నీళ్ళలో నాని, అరికాళ్ళ చర్మం తెల్లగా ముడతలు పడింది.

అళగిరి చేతిసంచి కింద పెట్టి, గోడకు ఆనుకొని కాసేపు ఊరికే నిలబడినాడు. మదురైలో ఎక్కిన బస్సు శ్రీవిల్లిపుత్తూరులో చెడిపోతే, అక్కడినుంచి పత్తి మూటల లారీ పైన కూర్చొని వచ్చినాడు. మలుపు తిరిగినప్పుడల్లా లారీ ఒక పక్కకు ఒరిగి, ఇంక పడిపోతాము అనుకున్నాక మెల్లగా లేచేది. యాభై దాటిన నడుముకు ఆ ప్రయాణం పడలేదు. పోలీసు ఉద్యోగం వదిలి ఇన్సూరెన్సు కంపెనీకి విచారణలు చేసిపెట్టే పనిలో చేరినప్పుడు, ఇంక పొద్దున్నే శవాల ముఖం చూడనక్కరలేదని ఆయన భార్య సంతోషపడింది. పాపం, ఆమెకు ఇప్పటికీ చాలా సంగతులు ఆయన చెప్పడు.

జేబులో ఆ టెలిగ్రాం తంతి ఉంది. "ఓడ బయలుదేరక ముందు రండి. కళ్ళతో చూపిస్తాను. రామచంద్రన్."

ఆ చూపించాల్సినది ఏమిటో ఇప్పుడు తనే వెతుక్కోవాలి. దానికి సాయంకాలం దాకానే వ్యవధి. సాయంకాలం తూత్తుకుడి రేవులో 'శ్రీ వాసవి' అనే కొత్త ఓడ మొదటిసారి జనంతో కదలబోతున్నది. కింద పత్తి మూటలు, పైన మనుషులు. ఓడ రాజపాళయం పత్తి వ్యాపారి పొన్నురంగం శెట్టియారుది. దాన్ని గీసి, లెక్కలు కట్టి, నిలబెట్టినవాడు ఈ చాపమీద ఉన్న రామచంద్రన్. బీమా రాసింది అళగిరి పనిచేసే కంపెనీ. అళగిరి ఒక తంతి కొడితే బీమా ఆగిపోతుంది. బీమా లేని ఓడను రేవులోంచి కదలనివ్వరు. కాని ఆ తంతిలో కారణం రాయాలి.

రాజపాళయంలో శవం ఉన్న ఈ చోటు శెట్టియారుకే చెందిన, పత్తి గింజలు తీసే పాత జిన్నింగు షెడ్డు. యంత్రాలు ఎప్పుడో తీసేసినారు. వెనక గోడను ఆనుకొని పొడుగాటి సిమెంటు తొట్టి ఉంది. నడుము లోతు నీళ్ళు. బొమ్మ ఓడలను తేల్చి చూడడానికి రామచంద్రన్ కట్టించుకున్నది. అందులో మనిషంత పొడుగు టేకు ఓడ ఒకటి, వాకిలి వైపు అంచుకున్న కొక్కానికి తాడుతో కట్టి ఉంది. అది నిటారుగా, చిన్న కదలిక కూడా లేకుండా తేలుతున్నది.

సబ్ ఇన్‌స్పెక్టరు అప్పటికే వచ్చి, పాచిమీద కాలు జారి, తల అంచుకు తగిలి నీళ్ళలో పడినాడని రాసుకొని పోయినాడు. తల వెనక దెబ్బ ఉంది. తొట్టి అంచున పాచీ ఉంది. అళగిరి వంగి ఆ పాచిని చూసినాడు. పచ్చగా, నున్నగా, ఎక్కడా చెదరకుండా ఉంది. దానిమీద ఎవరి కాలూ జారలేదు.

వాచ్‌మన్ అళగర్ తలగుడ్డ చేతిలో పట్టుకొని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"మొదట చూసింది నువ్వేనా?"

"నేనే సామీ. ఊడ్చేదానికి వచ్చినా. తలుపు దగ్గరికి వేసి ఉండె. చూస్తే ఆయన నీళ్ళలో బోర్లా ఉండాడు."

"రాత్రి ఎవరైనా వచ్చినారా?"

"గేటు కాడ నేనుంటిని. గేటులో ఎవరూ రాలే."

"వెనక సందులో?"

"వెనక సందు నాది కాదు సామీ. దానికి జీతం ఇవ్వరు."

"ఈ బొమ్మ ఓడ ఎట్ల ఉండింది, నువ్వు చూసినప్పుడు?"

"ఇట్లనే. కట్టేసి, నిలకడగా. నేను ముట్టలే. దాన్ని ఎవరు ముట్టినా ఆయన అరుస్తాడు." కొంచెం ఆగి, "అరిచేవాడు," అన్నాడు.

బయట కారు ఆగింది. పొన్నురంగం శెట్టియారు ముందు, ఆయన వెనక ఇస్త్రీ ప్యాంటు వేసుకున్న ఎత్తైన మనిషి లోపలికి వచ్చినారు. ఆ మనిషిని చూసి అళగిరి నిట్టూర్చినాడు.

శంకరనారాయణన్. ఇద్దరూ ఒకప్పుడు మదురైలో ఒకే స్టేషనులో పనిచేసినవాళ్ళు. ఆయన ముందుగానే ఉద్యోగం వదిలి తూత్తుకుడిలో ఆఫీసు పెట్టినాడు. ఓడల సొంతదారుల తరఫున సర్వేలు దాటించి సర్టిఫికేట్లు తెప్పించడం, ప్రమాదాలు జరిగితే విచారించి వాళ్ళకు అనుకూలంగా రాసిపెట్టడం ఆయన వ్యాపారం. అళగిరి రాసిన రిపోర్టుకు ఎదురు రిపోర్టు ఎక్కడ కనిపించినా, కింద ఆ సంతకమే ఉండేది.

వాకిలి దాటగానే శెట్టియారు శవాన్ని చూసి చేతులు జోడించినాడు. శంకరనారాయణన్ శవాన్ని చూడలేదు. ఓడను చూసినాడు. ఒక నిమిషం, ఏదో పోగొట్టుకున్నవాడిలాగా దాన్నే చూస్తా నిలబడి, తర్వాత చాప వైపు తిరిగినాడు.

"నువ్వా అళగిరీ? ఇంకా బస్సులమీదనే తిరగతా ఉండావా?"

"ఈసారి లారీ. నువ్వెప్పుడు వచ్చినావు?"

"ఇప్పుడే. ఓడ సంగతి మాట్లాడేదానికి చీకటితోనే తూత్తుకుడిలో బయలుదేరినా. శెట్టియారు ఇంటి ముందర దిగితే ఈ వార్త. కారు ఇంజను ఇంకా వేడి ఆరలే, పోయి చేయి పెట్టి చూసుకో."

"కారు మీద నాకు అనుమానం లేదు."

"అంటే నా మీద ఉండాది."

"మనిద్దరికీ అది కొత్తా?"

శెట్టియారు ఇద్దరి మధ్యకు వచ్చినాడు. బొద్దుగా, మెత్తగా ఉండే మనిషి. రాత్రి నిద్ర లేదేమో, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "చావు జరిగిన చోట ఏంటప్పా ఇది. అళగిరి నాయుడూ, నీకేమి కావాలో నన్ను అడుగు."

ఆస్పత్రి వాళ్ళు వచ్చి శవాన్ని ఎత్తుకొని పోయేదాకా అళగిరి ఏమీ అడగలేదు. తర్వాత ఖాళీ చాపను చుట్టి గోడకు నిలబెట్టి, శెట్టియారుకు స్టూలు జరిపినాడు.

"ఓడ పైన మనుషులకు గది ఎప్పుడు కట్టినారు?"

"గది కాదు నాయుడూ. ఎండకు రేకుల కప్పు. చుట్టూ కమ్మీలు, లోపల బెంచీలు. అంతే."

"రామచంద్రన్ గీసి మా కంపెనీకి ఇచ్చినదాంట్లో అది లేదు."

"లేదు." శెట్టియారు తల వంచుకున్నాడు. "గీసేటప్పుడు నాకే తోచలే. పాపం, ఎంత కష్టపడినాడు. విశాఖపట్నంలో ఓడల యార్డు డ్రాయింగ్ ఆఫీసు వదిలి నన్ను నమ్మి వచ్చినాడు. అసలు ఓడ గిట్టుతుందా గిట్టదా అనేదానికే ఒక ఏడాది లెక్క చూసినాడు. మన పక్క పండే పత్తి పంజు ఎంత, రేవులో నీళ్ళ లోతు ఎంత, ఎంత పొడుగైతే ఇంజను ఖర్చు మనల్ని తినకుండా ఉంటుంది అని. వద్దు శెట్టియారే అని రెండుసార్లు వచ్చి చెప్పినాడు. నేనే విడవలే. ఆమీద గీసినాడు, బొమ్మ చేయించినాడు, తేల్చినాడు, మళ్ళీ గీసినాడు. గవర్మెంటు సర్వేయరు వచ్చి ఓడమీద బరువులు పక్కకి జరిపి, ఎంత ఒరగతా ఉండాదో కొలిచి, ఇంతకు మించి మునగకూడదని పక్కన గీత కూడా వేయించినాడు. సర్టిఫికేటు వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం."

"ఆ సర్టిఫికేటు పత్తి మోసే ఓడకు. పైన కప్పు కట్టింది దాని తర్వాత. అంతేనా?"

"అంతే."

"కట్టమని ఎవరు చెప్పినారు?"

శెట్టియారు శంకరనారాయణన్ వైపు చూసినాడు. శంకరనారాయణన్ సిగరెట్టు ముట్టించుకుంటూ, "నేనే," అన్నాడు. "సర్టిఫికేటు చేతిలో ఉండాది, పైన చోటు ఊరికే పోతా ఉండాది, ఎందుకు వదలాల? ఒక రేకుల కప్పు వేసినందుకు ఓడ తిరగబడితే, ఊళ్ళో మేడ కట్టిన ఇండ్లన్నీ కూలాల."

"నాకూ అట్లనే తోచింది నాయుడూ," అన్నాడు శెట్టియారు. "పంజు తేలిక. మా బండ్లమీద తలకు మించి ఎత్తు కడతాము. తాడు బిగించి కడితే ఇన్నేండ్లలో ఏ బండి పడింది?"

"బండి కింద నేల ఉంటుంది శెట్టియారే."

"అతనూ ఇదే మాట అన్నాడు." శెట్టియారు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నిన్న సాయంకాలం ఇంటికి వచ్చి, షెడ్డుకు రండి, చూపిస్తాను అన్నాడు. పొద్దున వస్తానంటిని. రాత్రే పోయుంటే... మా అమ్మ పోతా ఉండాది నాయుడూ ఆ ఓడలో. వాసవమ్మ. ఆమె పేరే పెట్టినాము. నిన్ననే కారులో తూత్తుకుడికి పంపించినా. నేను మా అమ్మను చంపుకుంటానా, చెప్పు."

అళగిరికి ఆ మాట నిజమనే అనిపించింది. మూర్ఖత్వం ఉంది గాని, ఆ ముఖంలో హత్య లేదు. ఆయన లేచి తొట్టి దగ్గరికి పోయినాడు.

ఓడను కొంచెం దగ్గరికి లాక్కొని చూసినాడు. పైతట్టుమీద మూలల్లో మేకులు దిగే రంధ్రాలు ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. అక్కడ ఏదో అమర్చి, తీసేసినారు. ఓడ నడుమ నిలబెట్టిన పుల్లనుంచి ఒక దారం వేలాడుతున్నది. దారం చివర సీసపు గుండు. గుండు ఒక గాజు గ్లాసులో నూనెలో మునిగి ఉంది. గ్లాసును మైనంతో ఓడకు అతికించినారు. ఇటువంటిదాన్ని అళగిరి కంపెనీ సర్వేయర్ల దగ్గర చూసినాడు. ఓడ ఒరిగితే దారం పక్కకు జరుగుతుంది, ఎంత జరిగిందో కొలుస్తారు. గుండు ఊరికే ఊగకుండా నూనె.

కాని ఈ దారం వంకరగా ఉంది. ఓడ నిటారుగా ఉంటే దారం నిటారుగా వేలాడాలి. గుండు గ్లాసు నడుమ లేదు, అంచుకు చేరి ఆగిపోయింది. వేలితో తాకితే కదలలేదు.

అది కొబ్బరినూనె. మార్గళి నెల చలికి గడ్డకట్టి తెల్లగా మైనంలాగా అయింది. అళగిరి మోకాళ్ళమీద కూర్చొని, గ్లాసుకు కళ్ళు ఆనించి చూసినాడు. నూనె పైతట్టు చదునుగా లేదు. వాకిలి వైపు పైకి, గోడ వైపు కిందికి, వాలుగా గడ్డకట్టి ఉంది.

ఇంట్లో ప్రతి చలికాలమూ ఇది చూస్తాడు. కూతుళ్ళు నూనె సీసాను గూట్లో ఒరగబెట్టి పోతే, పొద్దున దాన్ని నిలబెట్టినప్పుడు లోపల నూనె ఇట్లాగే వాలి ఉంటుంది. వాళ్ళమ్మ రోజూ అరుస్తుంది.

"శెట్టియారే, ఇక్కడికి రండి," అన్నాడు. "ఇది చూడండి. ఈ ఓడ రాత్రంతా ఒరిగి ఉండింది. నూనె కరిగి ఉన్నప్పుడు ఒరిగింది. గడ్డకట్టిన తర్వాత ఎవరో లేపి కట్టినారు. పైన అమర్చిన కప్పు తీసేసినారు. అళగర్ వచ్చేలోపల."

శెట్టియారు వంగి చూసినాడు.

"చీకట్లో చూస్తే అన్నీ దయ్యాలే," అన్నాడు శంకరనారాయణన్. రెండు అంగల్లో పోయి గోడకున్న రేకు తలుపు కిటికీని తోసినాడు. ఎండ నేరుగా తొట్టిమీద, ఓడమీద, గ్లాసుమీద పడింది.

"మూసెయ్యి శంకరా."

"ఎందుకు? వెలుతురులో చూడు. గోడమీదికి ఒరిగి పడుకున్న బొమ్మను ఎవరో లేపినారు, సరి. అళగర్ లేపినాడో, సబ్ ఇన్‌స్పెక్టరు లేపినాడో. కంపెనీకి ఏమని తంతి కొడతావు? కొబ్బరినూనె వంకరగా ఉండాది, ఓడను ఆపండి అనా?"

అళగిరికి ఎండమీదే ధ్యాస. పోయి కిటికీ మూసినాడు. వెనక్కి వచ్చేసరికి గ్లాసు అంచుల్లో నూనె తేటపడుతున్నది. తుండుగుడ్డ తడిపి గ్లాసుకు చుట్టినాడు.

"శెట్టియారే, మీరు చూసినారు కదా. సాక్షి సంతకం పెట్టండి."

శెట్టియారు గ్లాసు దగ్గరినుంచి వెనక్కి జరిగినాడు. "నేను నూనె చూసినా నాయుడూ," అన్నాడు. "ఓడ ఒరగడం చూడలే."

"మీ అమ్మగారు చూస్తారేమో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అలసట వస్తే అళగిరికి నోరు ఆగదు. శెట్టియారు కళ్ళు తుడుచుకుంటూ కారు దగ్గరికి పోయినాడు.

"నువ్వు మారలే," అన్నాడు శంకరనారాయణన్ మెల్లగా. "మదురైలోనూ ఇంతే. అందరూ ముగించి ఇంటికి పోయినాక, నువ్వొక్కడివే కూర్చొని చిన్న చిన్నవి ఏరతా ఉంటావు. ఏరి ఏమి సంపాదించినావు? పో, సేత్తూరులో మీ అక్క ఇంట్లో భోంచేసి నిద్రపో. సాయంకాలం ఓడ పోతుంది, కంపెనీకి లాభం, నీకు మంచి పేరు."

ఆయన పోయినాక అళగిరి చాకుతో దారం కోసి, గ్లాసును మైనంలోంచి విడదీసినాడు. అప్పుడు తాడుమీద చూపు పడింది. షెడ్డులో రామచంద్రన్ కట్టిన తాళ్ళు ఇంకా ఉన్నాయి. అన్నీ ఒకటే రకం ముడులు, ఓడల యార్డులో నేర్చుకున్నవి, ఒక కొస లాగితే ఊడివస్తాయి. ఓడను కొక్కానికి కట్టిన ముడి ఒక్కటే వేరు. బావిలో చేదకు కట్టే ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది. రోజూ పొద్దున నీళ్ళు చేదే చేతులు చూడకుండానే వేసే ముడి.

రామచంద్రన్ ఇల్లు షెడ్డుకు వెనక వీధిలోనే. శవం ఇంకా ఆస్పత్రినుంచి రాలేదు గనుక జనం చేరలేదు. తళవాయిపురంలో చుట్టాలకు కబురు పోయింది, మధ్యాహ్నం బస్సుకు వస్తారు. నడవలో రామచంద్రన్ తల్లి అఖిలాండం మోకాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. ఆమె ఏడవడం లేదు. వచ్చిన మనిషిని చూసి, వంటింటి వైపు చేయి చూపించింది.

రామచంద్రన్ భార్య వేదవల్లి ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చొని ఉంది. అళగిరి గడపలో నిలబడి, తుండుగుడ్డ విప్పి గ్లాసును ఆమె ముందు నేలమీద పెట్టినాడు. నూనె సగం కరిగిపోయింది. ఇంక వాలు లేదు. గుండు అడుగున పడి ఉంది.

"ఈ నూనె మీ ఇంటిదేనా అమ్మా?"

ఆమె గ్లాసును దగ్గరికి లాక్కుంది. "ఆయన ఆముదం అడిగినారు. ఉన్నది కొంచెం, అత్త మోకాళ్ళకు కావాలని దాచి, తలకు పూసుకునేది ఇచ్చినా. చలికి గడ్డకట్టే నూనె ఎవరైనా ఇస్తారా అని తిట్టినారు. నిన్న నాతో ఆఖరున మాట్లాడింది అదే అన్నా."

"పొద్దున మీరు షెడ్డుకు పోయినారు."

ఆమె కాదనలేదు.

"కాఫీ తీసుకొని పోయినా. చీకటి ఇంకా పూర్తిగా విడలే. సందు దారిన పోయినా." కొంగు అంచును వేలికి చుట్టుకుంటా ఉంది. "నీళ్ళలో ఉండినారు. చేయి పట్టుకుంటే రాయిలాగా చల్లగా ఉండె. నేను అరవలే అన్నా. ఎందుకో అరుపు రాలే. అప్పుడు ఆ ఓడను చూసినా. కప్పు బరువుతో ఒరిగిపోయి, పక్కమీద పడుకొని ఉండాది. వారం దినాలుగా ఆయన సరిగా తినలే. ఇది పడిపోతుంది వేదా, పడిపోతుంది అంటా లేచి కూర్చునేవాళ్ళు. నేనేమనుకుంటిని... తను గీసింది తప్పయిపోయింది, ఆ అవమానానికి నీళ్ళలో పడినారు అనుకుంటిని. పొద్దున అందరూ వస్తారు, ఒరిగిన ఓడను చూస్తారు, నవ్వుతారు. అందుకని..."

"కప్పు పీకేసి లేపినారు."

"పీకగానే అదే లేచి నిలబడింది. తాడు ఓడ ముందు కొసకు ఉండె, ఆ కొస దూరంగా ఆ మూలకు పోయుండె. కర్రతో లాగి, తల ఇటు తోక అటు తిప్పి, వాకిలి వైపు కొక్కానికి కట్టినా." ఆమె కొంగును ఇంకా గట్టిగా చుట్టింది. "ఆయన్ను నీళ్ళలో వదిలేసి, బొమ్మను లేపి కట్టి వచ్చినా అన్నా. ఎవరైనా చేస్తారా అట్ల."

అళగిరి గడపమీద కూర్చున్నాడు. మోకాలు టప్పున చప్పుడు చేసింది.

"ఆయన గీసింది తప్పు కాదమ్మా. ఆయన గీసిన ఓడ నిలబడుతుంది. దానిమీద వీళ్ళు కట్టిన కప్పుతో పడుతుంది. అది చూపించడానికే ఒరగబెట్టి ఉంచినాడు, నాకోసం, శెట్టియారుకోసం. ఒరిగిన ఓడే ఆయన సాక్ష్యం. ఆయన తనంతట తను చావలేదు, చంపినారు. తల వెనక దెబ్బ ఉంది, పాచి చెదరలేదు."

కొంగు చుట్టుకుంటున్న ఆమె వేలు ఆగిపోయింది. నడవలో ముసలమ్మ ఇటు తిరిగింది.

"ఇంకొకటి చెప్పండి. మీరు చూసినప్పుడు ఓడ ఏ పక్కకు ఒరిగి ఉండింది?"

"గోడ పక్కకు. గోడను ఆనుకొని పడుకొని ఉండె."

"వాకిలి పక్కకు కాదు కదా?"

"కాదన్నా. నేను తిప్పి కట్టినాక కదా ఆ పక్క వాకిలికి వచ్చింది."

అళగిరి గ్లాసు వైపు చూసినాడు. షెడ్డులో చూసినప్పుడు నూనె వాకిలి వైపు పైకి ఉండింది, నూనె ఒరిగిన పక్కకే చేరి పైకి లేస్తుంది. ఆ నూనెను నమ్ముకొని ఎవరు చెప్పినా, ఓడ వాకిలి పక్కకు ఒరిగిందనే చెప్పాలి. తనూ అదే అనుకున్నాడు. గోడ పక్కకు అని చెప్పాలంటే కళ్ళతో చూసి ఉండాలి. చూసినవాళ్ళు రామచంద్రన్, వేదవల్లి. ఇంకొకరు.

'గోడమీదికి ఒరిగి పడుకున్న బొమ్మను ఎవరో లేపినారు, సరి.'

చీకటితో తూత్తుకుడిలో బయలుదేరి, ఇప్పుడే వచ్చినానన్న శంకరనారాయణన్ మాట అది. వాకిలి దాటగానే శవాన్ని వదిలి ఓడను చూసింది అందుకే. రాత్రి తను వదిలిపోయినప్పుడు పడుకొని ఉన్నది, నిలబడి కనిపించింది. ఇరవై ఏండ్ల పోలీసు చెవి ఆ మాటను అప్పుడే పట్టుకోవాల్సింది.

"ఆ కప్పు ఎక్కడ ఉంది?"

వేదవల్లి లేచి, వడ్లు నిలవచేసే కుదురులో చేయి పెట్టి తీసింది. టేకు బద్దలు, రేకు, చిన్న చిన్న బెంచీలు. బెంచీలమీద మనుషుల బరువుకు సీసపు ముక్కలు. మొలల దాకా అంతా సరిగా, పిల్లలకు చేసిన బొమ్మలాగా ఉంది.

అళగిరి సంచిలోంచి తంతి కాగితం తీసి తొందరగా రాసినాడు. ప్రయాణికుల కప్పు సర్టిఫికేటులో లేదు, సాక్షి, నమూనా ఉన్నాయి, బీమా ఆపండి, రేవుకు తెలపండి. సంతకం పెడుతుండగా వీధిలో కారు ఆగిన చప్పుడు వినిపించింది. తలుపు తెరిచినారు, మూసినారు. తర్వాత తీరికగా వస్తున్న బూట్ల చప్పుడు.

తను బయటికి పోతే శంకరనారాయణన్ వెనకాలే వస్తాడు. పోస్టాఫీసు బజారు చివర. వాడిది కారు.

"అమ్మా, ఇది పోస్టాఫీసులో ఇచ్చి రావాలి. కప్పు కూడా తీసుకొని పోండి. తంతి పోయేదాకా కౌంటరు దగ్గరే, జనంలో నిలబడండి. పెరటి దారి ఉందా?"

వేదవల్లి కాగితం అందుకొని, దానివైపు, తన చేతుల వైపు చూసుకుంది. "ఈ పొద్దు నేను వీధిలోకి రాకూడదన్నా. ఆయన ఇంకా ఇంటికే రాలే. ఊరంతా చూస్తుంది."

"పో," అంది నడవలోంచి అఖిలాండం. గోడ పట్టుకొని లేచి నిలబడింది. "తలమీద కొంగు కప్పుకొని పో. నా కొడుకు గీసిన ఓడలో జనం మునిగితే, ఆ మైల ఏ నీళ్ళు పోసుకుంటే పోతుంది? నేను ఉండాను, పో."

వేదవల్లి కప్పును కొంగు కింద పెట్టుకొని పెరటి తలుపు తీసింది. అది కిర్రుమనకుండా ఎట్ల తీయాలో ఆమెకు తెలుసు. ముసలమ్మ లోపలి గదిలోకి పోయి, వాకిలికి తెర లాగుకుంది.

అళగిరి గ్లాసును తుండుగుడ్డ కింద దాచి, నడవలోకి వచ్చి కూర్చున్నాడు. శంకరనారాయణన్ బూట్లు విప్పకుండానే గడప దాటినాడు.

"నువ్వు ఇక్కడే ఉంటావని తెలుసు." ఎదురుగా స్తంభానికి ఆనుకున్నాడు. "నీ నూనె ఏమైంది?"

"కరిగిపోయింది."

"అప్పుడు ఇంకేముండాది నీ దగ్గర?"

"ఏమీ లేదు. పరామర్శకు వచ్చినా."

"నేనూ అందుకే." శంకరనారాయణన్ ఇల్లంతా ఒకసారి చూసినాడు. పొయ్యి, పీట, మూత తీసిన వడ్ల కుదురు, కింద రాలిన నాలుగు గింజలు. ఆ గింజల దగ్గర చూపు ఆగింది. "వేదవల్లమ్మను చూడాల. ఎక్కడ ఉండాది?"

"లోపల. ఏడుస్తా ఉంది."

ఇద్దరూ విన్నారు. ఏడుపు లేదు. పెరట్లో కాకి ఒకటి అరిచి ఊరుకుంది. శంకరనారాయణన్ స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడినాడు.

అప్పుడు తెర వెనకనుంచి అఖిలాండం గొంతు లేచింది. కొడుకు పోయినాడని చెప్పినప్పుడు ఏడవని మనిషి, శవాన్ని ఆస్పత్రికి తీసుకొనిపోతున్నారన్నప్పుడు ఏడవని మనిషి, ఇల్లు అదిరేటట్టు ఏడుపు ఎత్తుకుంది. మధ్యలో గొంతు తగ్గించి, పక్కన ఎవరినో నిమురుతున్నట్టు, "ఊరుకో వేదా, ఊరుకో తల్లీ, నేను లేనా, ఇట్ల రా, నా ఒళ్ళో పడుకో," అంటా ఉంది.

శంకరనారాయణన్ వింటా కాసేపు నిలబడినాడు. తర్వాత మెల్లగా తెర వైపు అడుగు వేసినాడు. అళగిరి, నడుము పట్టుకొని లేచి, ఆ తెరకు అడ్డంగా పోయి నిలబడినాడు.